ఒక్క పీల్ దొర, రెండు రకాల పోలీసు

లండన్ల కానిస్టేబుల్‌ను జనం బాబీ అని పిలుస్తరు. రాబర్ట్ అన్న పేరును ముద్దుగ పిలిస్తే బాబీ అయితది. ఆ రాబర్ట్ ఎవలంటే 1829ల లండన్ పోలీసును నిలబెట్టిన సర్ రాబర్ట్ పీల్. ఆయన ఇంటిపేరు మీద ఇంకో పిలుపు గూడ పుట్టింది, పీలర్ అని. అది లండన్ కన్న ముందు ఐర్లండ్ల పుట్టింది. అక్కడి కౌలుదార్ల నోట్ల ఆ మాట తిట్టు లెక్కనే ఉండె. ఒక్క మనిషి పేరు సముద్రానికి ఈ దిక్కు మురిపెం, ఆ దిక్కు తిట్టు ఎట్లయింది?

ఈ ప్రశ్న నన్ను చానా దినాల సంది ఇడుస్తలేదు. ఇరవై ఏండ్ల సంది ఎవలెవల కోసమో ఠాణాల మెట్లెక్కుతున్న. ఎక్కినప్పుడల్లా ఒకటే అనిపిస్తది, ఈ గోడల లోపలి మర్యాద ఎక్కడ తయారైంది అని. ఎతుక్కుంట పోతే తొవ్వ పీల్ దొర ఇంటి కాడికి పోయింది.

మిల్లు సావుకారి కొడుకు

పీల్ 1788 ఫిబ్రవరి 5న ఇంగ్లండుల లాంకషైర్ సీమ, బ్యూరీ అనే ఊర్ల పుట్టిండు. వాళ్ల నాయిన పేరు గూడ రాబర్ట్ పీలే. నూలు మిల్లులు పెట్టి బాగ సంపాయించినోడు. పాత జమీందారీ కుటుంబాలు పీల్‌ను కొత్త పైసలోడనే చూసినయి. చదువుల మాత్రం ఎవలకు తక్కువ కాలేదు. ఆక్స్‌ఫర్డ్ల అటు గ్రీకు, లాటిన్, ఇటు గణితం, రెండిట్ల మొదటి శ్రేణి తెచ్చుకున్నడు.

21 ఏండ్లకే, 1809ల, ఎంపీ అయిండు. గెలిచింది ఐర్లండ్ల కాషెల్ అనే సీటు నుంచి. అక్కడ ఓటర్లు పాతిక మంది గూడ లేరు. నాయిన పైసల బలం మీద దొరికిన సీటు అది. మూడేండ్లు గడిచినంక, 1812ల, ఐర్లండ్‌కు చీఫ్ సెక్రటరీగ పోయిండు. అంటే ఇంగ్లండు సర్కారు తరఫున ఆ దేశాన్ని నడిపే పెద్ద కొలువు. అప్పటికి ఆయన వయసు 24.

ఐర్లండ్ల నేర్చుకున్న పాఠం

అప్పటి ఐర్లండ్ ఎట్లుండెనో చెప్తే మన తాతల జమానా యాదికొస్తది. భూమి ఎక్కువ భాగం ప్రొటెస్టెంట్ భూస్వాములది. దున్నేటోళ్లు కాథలిక్కులు. కౌలు కట్టలేకపోతే గుడిసె కూలగొట్టి ఎల్లగొట్టుడే. పైంగ వాళ్లు అడుగు పెట్టని ప్రొటెస్టెంట్ చర్చికి గూడ పంటల పదో వంతు పన్ను కట్టాలె. కాథలిక్కులకు పార్లమెంటుల కూసునే హక్కు లేదు. నోరు మూసినకాడ చెయ్యి లేస్తది గదా. రాత్రిపూట రహస్య గుంపులు తిరిగేటివి. భూస్వామి పశువులను నరుకుడు, గడ్డివాములకు అగ్గి పెట్టుడు, సాక్ష్యం చెప్పేటోళ్లను బెదిరిచ్చుడు.

పీల్ దీన్ని ఎట్ల చూసిండన్నదే అసలు ముచ్చట. ఆయన మొద్దోడు కాదు. కరువొచ్చిన యేడు సాయం గూడ పంపిండు. గని భూమి ముచ్చట ముట్టలేదు, కాథలిక్కుల హక్కులకు అడ్డం నిలవడ్డడు. అందుకే అక్కడి పెద్ద నాయకుడు డేనియల్ ఓకానెల్‌తోని 1815ల ద్వంద్వ యుద్ధం దాక పోయిండు. ఓకానెల్‌ను దారిల పట్టుకునుడుతోని అది జరగలేదు. కారణాన్ని ఇడిసిపెట్టి, లేసిన చెయ్యిని ఎట్ల వంచాలన్న దాని మీదనే ఆయన లెక్క వేసిండు.

1814ల ఆయన ఒక కొత్త బలగం తెచ్చిండు. పేరు శాంతి పరిరక్షణ దళం. ఏదన్న ఇలాక గడబిడగ ఉన్నదని సర్కారు ప్రకటిస్తే ఈ దళం తుపాకులతోని అక్కడ దిగుతది. దాని ఖర్చు ఎవలు కట్టాలె? ఆ ఇలాక జనమే కట్టాలె. గడబిడ చేసినోడు, చెయ్యనోడు అని తేడా లేదు. ఊరు మొత్తాన్ని ముద్దాయిని చేసే లెక్క ఇది. ఈ సంగతి గుర్తుంచుకోండ్రి, ముందల మన దేశంల మళ్లా కనవడ్తది.

పీల్ 1818ల ఐర్లండ్ ఇడిసిండు. ఆయన ఏసిన బాటల 1822ల ఒకటి, 1836ల ఒకటి చట్టాలొచ్చి ఐరిష్ కాన్‌స్టాబులరీ తయారైంది. తుపాకులు, బారకులు, కవాతు, పైనుంచి హుకుం. ఇంకో నియమం పెట్టిన్రు. పోలీసోన్ని సొంత జిల్లాల ఉంచొద్దని. కానిస్టేబుళ్లల్ల చానా మంది కాథలిక్ రైతుల బిడ్డలే. వాళ్లనే పక్క జిల్లాకు పంపి, అక్కడి కౌలుదారు గుడిసె కూలగొట్టేటప్పుడు భూస్వామి మనుషులకు కాపలా నిలవెట్టిన్రు. పేదోని బిడ్డ చేతికి తుపాకి ఇచ్చి ఇంకో పేదోని వాకిట్ల నిలవెట్టుడు, తెలివైన ఏర్పాటే మరి.

లండన్ల ఇంకో లెక్క

1822ల పీల్ ఇంగ్లండు హోం మంత్రి అయిండు. అప్పుడు అక్కడ 200 కన్న ఎక్కువ నేరాలకు ఉరిశిక్ష ఉండె. చిన్న దొంగతనానికి గూడ ఉరి. పీల్ అసొంటి చట్టాలను చానా వరకు తగ్గిచ్చిండు. 1823ల జైళ్ల చట్టం తెచ్చి, జైలర్లకు జీతం, ఆడ ఖైదీలకు ఆడ కాపలాదార్లు అని నియమం పెట్టిండు. శిక్ష ఘోరంగ ఉండుడు కంటె నేరం కాకముందే ఆపుడు మంచిదన్న ఆలోచన దిక్కు పోయిండు.

లండన్ల అప్పటికి ఒక్కటిగ పోలీసు లేదు. వాడవాడకు ముసలి కావలోళ్లు. పెద్ద అల్లరైతే సైన్యాన్ని పిలుసుడే. సైన్యం దిగితే ఏమైతదో 1819 ఆగస్టు 16న మాంచెస్టర్ల చూసిన్రు. ఓటు హక్కు అడగనీకి పీటర్స్ ఫీల్డు మైదానంల కూడిన వేల మంది మీదికి గుర్రాల మీద కత్తులతోని ఉరికిచ్చిన్రు. పది మందికి పైన సచ్చిన్రు, వందల మందికి గాయాలైనయి. పీటర్లూ అని ఆ నెత్తుటి దినానికి పేరు.

అయినా పోలీసు అంటే లండన్ జనానికి నచ్చలేదు. సర్కారు గూఢచారులు ఇంటింటికి వస్తరని భయపడ్డరు. 1822ల పార్లమెంటు కమిటీ గూడ స్వేచ్ఛకు అడ్డమని పోలీసు వద్దన్నది. ఇక్కడ పీల్ దొర చేసింది చూడాలె. ఐర్లండ్ల జనం భయాన్ని లెక్కల పెట్టలే. లండన్ల అదే భయాన్ని ఎదురుంగ పెట్టుకొని బలగానికి రూపం ఇచ్చిండు.

1829ల చట్టం పాసైంది. చార్లెస్ రోవన్ అనే మాజీ సైనికుడు, రిచర్డ్ మేన్ అనే వకీలు, ఇద్దరిని కమిషనర్లుగ పెట్టిన్రు. సైన్యానిది ఎర్ర కోటు కాబట్టి పోలీసుకు నీలం కోటు. తుపాకి లేదు, కోటు కింద కనవడకుంట కట్టె, సాయం పిలవనీకి చెక్క గిలక. ఠాణాల కత్తులు ఉండె గని రోజు బీటుకు తీసుకపోయేది లేదు. మెడపట్టీ మీద నంబరు. ఆ నంబరు ఎందుకంటే, పోలీసోడు తప్పు చేస్తే మామూలు మనిషి గుర్తువట్టి ఫిర్యాదు చెయ్యనీకి. జీతం వారానికి 21 షిల్లింగులు.

1829 సెప్టెంబర్ 29 నాడు సుమారు వెయ్యి మంది మొదటిసారి వీధులల్ల దిగిన్రు. తాగుడు, క్రమశిక్షణ లేకపోవుడుతోని మొదటి ఏండ్లల్ల చానా మందిని తీసేసిన్రు. రోవన్, మేన్ రాసిచ్చిన నియమాలల్ల మొదటి పని నేరం కాకుంట ఆపుడే. పీల్ తొమ్మిది సూత్రాలని ఇప్పుడు వాట్సాప్‌ల తిరిగే జాబితా పీల్ రాసింది కాదు. చార్లెస్ రీత్ అనే చరిత్రకారుడు ఇరవయ్యో శతాబ్దంల కూర్చిందది.

లండన్ పోలీసు దేవదూతలని నేను చెప్తలేను. 1833ల కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ అనే చోట సభ మీద లాఠీలతోని పడ్డరు. ఆ కొట్లాటల రాబర్ట్ కల్లీ అనే కానిస్టేబుల్ కత్తిపోటుతోని సచ్చిండు. ఇచారణ చేసిన జ్యూరీ ఆ హత్య న్యాయమైనదే అని తేల్చింది. ఆ తీర్పును తర్వాత కొట్టేసిన్రు, గని జనం కోపం ఎంతుండెనో దానితోని తెలుస్తది. అదే యేడు పోపే అనే పోలీసు మారువేషంల కార్మికుల సంఘంల చేరిన సంగతి బయటపడ్డది. పార్లమెంటు కమిటీ ఇచారణ జరిపింది, పోపే కొలువు పోయింది. తప్పులు లండన్ల గూడ అయినయి. గని అడిగేటోడు ఉన్నడు, చెప్పాల్సినోడు చెప్పిండు.

ఆఖరి దినాలు

పీల్ 1834-35ల కొన్ని నెలలు, మళ్లా 1841 నుంచి 1846 దాక ప్రధానమంత్రి. మొదట అడ్డుకున్న కాథలిక్కుల హక్కులను 1829ల తనే పార్లమెంటుల పాస్ చేయించిండు. 1845ల ఐర్లండ్ల ఆలుగడ్డ పంటకు తెగులొచ్చినప్పుడు అమెరికా నుంచి మక్కలు తెప్పిచ్చిండు. బయటి ధాన్యం మీది పన్నులను సొంత పార్టీ భూస్వాములు వద్దంటున్నా ఎత్తేయించిండు. తప్పును మార్చుకునే దమ్ము ఆయనకున్నది, అది ఒప్పుకోవాలె.

అయితే చరిత్ర ఒక ఇచిత్రం చేసింది. ధాన్యం పన్నుల రద్దు బిల్లు పార్లమెంటుల పాసైన 1846 జూన్ 25 నాడే ఆయన సర్కారు ఓడిపోయింది. ఏ బిల్లు మీద? ఐర్లండ్‌ను అణిచే బిల్లు మీద. ఆకలితోని ఉన్న దేశానికి ఒక చేత్తోని మక్కలు, ఇంకో చేత్తోని నిర్బంధ చట్టం. ఆఖరికి ఐర్లండే ఆయన కుర్సీ గుంజింది. 1850 జూన్ 29న లండన్ల గుర్రం మీదికెళ్లి పడ్డడు, జూలై 2న పానం ఇడిసిండు. ఆయన యాదికి కార్మికులు గూడ పైసపైస జమ చేసిన్రు.

మన దిక్కు వచ్చింది ఏది?

1843ల, పీల్ ప్రధానిగ ఉన్నప్పుడే, చార్లెస్ నేపియర్ అనే జనరల్ సింధ్‌ను గెలిచి అక్కడ పోలీసు పెట్టిండు. లండన్ల నీలం కోటు నమూనా పక్కకు పెట్టిండు, ఐరిష్ కాన్‌స్టాబులరీ నమూనా పట్టుకొచ్చిండు. ఏలేటోనికి ఏలబడేటోళ్ల మీద కావాల్సింది అదే గదా.

మద్రాసు రాజధానిల, అంటే అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు గూడ కలిసిన రాజ్యంల, శిస్తు వసూలు చేసేటోళ్లే పోలీసు పని గూడ చేసేటోళ్లు. శిస్తు కట్టని రైతును ఎండల నిలవెట్టుడు, వంగదీసి కట్టుడు, వేళ్లను కట్టెల మధ్య పెట్టి నొక్కుడు నడిచింది. 1855ల చిత్రహింసల కమిషన్ ఇదంతా రాసిపెట్టింది. దానికి మందు అని 1859ల మద్రాసు పోలీసు చట్టం తెచ్చిన్రు. 1857 తిరుగుబాటు తర్వాత, 1861ల దేశానికంతా పోలీసు చట్టం వచ్చింది. ఆ చట్టం 15వ సెక్షన్ల ఏమున్నదో తెలుసా? గడబిడ ఉన్న ఇలాకల అదనపు పోలీసును దించొచ్చు, ఖర్చు అక్కడి జనం దగ్గర గుంజొచ్చు. 1814ల ఐర్లండ్ల పీల్ పెట్టిన రూలే ఓడెక్కి వచ్చింది.

తెలంగాణల నిజాం పాలన కాబట్టి ఇక్కడి చట్టం వేరే. జిల్లాలకు 1329 ఫస్లీ చట్టం, అంటే ఇంగ్లీషు లెక్కల 1919-20. రెండు ప్రాంతాలు కలిసి ఒక్క రాష్ట్రమైనంక గూడ ఆంధ్ర జిల్లాలకు 1859ది, తెలంగాణ జిల్లాలకు 1329 ఫస్లీది, అవే నడిచినయి. తెల్లదొర పోయిండు, నిజాం పోయిండు, వాళ్లు కుట్టిచ్చిన అంగీ మాత్రం ఒంటి మీద ఉండిపోయింది.

మార్చాలని ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. 1996ల డీకే బసు కేసుల సుప్రీంకోర్టు చెప్పింది, అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా కనవడేటట్టు పట్టీ పెట్టుకోవాలె, అరెస్టు మెమో రాయాలె, ఇంటోళ్లకు కబురు చెయ్యాలె అని. చూడుండ్రి, లండన్ల మెడపట్టీ మీద నంబరు పడ్డ 167 ఏండ్లకు మన దగ్గర పేరుపట్టీ కోసం కోర్టు చెప్పాల్సొచ్చింది. 2006ల ప్రకాశ్ సింగ్ కేసుల పోలీసు మీద ఫిర్యాదులు వినే అథారిటీ రాష్ట్రానికొకటి, జిల్లాకొకటి పెట్టమన్నది. 2020ల ప్రతి ఠాణాల సీసీ కెమెరాలు పెట్టమన్నది. మీ జిల్లాల ఆ ఫిర్యాదుల అథారిటీ ఆఫీసు ఎక్కడున్నదో ఒక్కసారి అడిగి చూడుండ్రి. ఆర్టీఐ కింద అడగనీకి పది రూపాయలే ఖర్చు.

పల్లెల పిల్లలు పొద్దుగాల చెరువుకట్ట మీద 1600 మీటర్ల పరుగు కోసం ఉరుకుతున్నరు. కొలువు రావాలె, ఇంటికి ఆసరా కావాలె. ఆ ఆశను నేను తక్కువ చెయ్య. కౌలు రైతు బిడ్డే, కూలీ బిడ్డే రేపు ఖాకీ తొడుగుతది. అందుకే మీకే ఈ కథ చెప్తున్న.

పీల్ దొర ఒక్కడే, ఆయన బుర్ర ఒక్కటే. తన మనుషులు అనుకున్న కాడ తుపాకి తీసేసి నంబరు పెట్టిండు. తన కింది మనుషులు అనుకున్న కాడ తుపాకి ఇచ్చి ఊరు మీద జుర్మానా ఏసిండు. తేడా అంతా ఎదురుంగ ఉన్న మనిషిని ఏ కంటితోని చూసిండన్న దాంట్లనే ఉన్నది. దేశ భద్రత, శాంతిభద్రతలు అని పెద్ద పెద్ద మాటలు ఎవలు మాట్లాడినా ముందుగాల అడగాల్సింది ఇదే. మమ్మల్ని లండన్ లెక్క చూస్తున్నవా, ఐర్లండ్ లెక్క చూస్తున్నవా?

చట్టం మార్చుడు అసెంబ్లీ పని, దాని కోసం కొట్లాట మనందరి పని. ఠాణా గడప కాడికి ఒక ముసలవ్వ కాయితం పట్టుకొని వస్తే కుర్సీ ఏసి కూసోబెట్టుడు, ఎఫ్‌ఐఆర్ రాసి పైసా తీసుకోకుంట నకలు చేతుల పెట్టుడు మాత్రం ఏ కొత్త చట్టం కోసం ఆగాల్సిన పని కాదు. ఆ కాయితం తీసుకునే చెయ్యి రేపు మీదే కావచ్చు.