భారతదేశపు అపొస్తలుడు పునీత తోమా

యేసుక్రీస్తు పన్నిద్దరు శిష్యులలో తోమా ఒకరు. గురువు పునరుత్థానమును కన్నులార గాంచనిదే నమ్మనన్న సత్యాన్వేషి ఆయన. క్రీ.శ. 52లో కేరళ తీరమున అడుగిడి, 72లో మైలాపూరు చెంత ప్రాణములర్పించెనని సంప్రదాయము. శాంతోమ్ దేవాలయము ఆయన సమాధిస్థలముగా పూజ్యమైనది.

గొండొఫెరిస్ రాజు భవన నిర్మాణమునకిచ్చిన ధనమును తోమా బీదలకు పంచెనని మూడవ శతాబ్దపు సిరియా భాషాగ్రంథమొకటి చెప్పుచున్నది. ఆ రాజు నాణెములు లభించినవి. కథ మాత్రము విశ్వాసమునకు చెందినది. భవన నిర్మాతలకు తోమా పాలక పునీతుడు.

1893లో వెలసిన రైల్వే కర్మాగారముతో పేరొందిన లాలాగూడలో, పనివారి చెమట విలువ నెరిగిన మనకు ఈ కథ పరాయిది కాదు. ఏటా జులై 3న ఆయన పండుగ. సందేహించుట దోషము కాదు. సందేహము తీరిన పిదప ఊరకుండుటయే దోషమని మేము ఆయన జీవితమునుండి గ్రహించితిమి.