ఇంధన శిల్పి యూజీన్ హుడ్రీ

అమృతం కోసం పాలసముద్రాన్ని మథించగా ముందుగా హాలాహలం పుట్టిందని పురాణాలు చెబుతున్నాయి. భూగర్భంలోని ముడిచమురును మథించి మానవుడు సాధించిన ఇంధనానికి కూడా ఈ కథ వర్తిస్తుంది. హైదరాబాదులో అమీర్‌పేట నుండి పంజగుట్ట కూడలి వరకు సాయంవేళ బారులు తీరే వాహనాలను చూస్తే, ఇంధనం మనిషికి ఇచ్చిన వేగమూ, దాని పొగ మనిషి ఊపిరికి తెచ్చిన ముప్పూ ఒకేచోట కనిపిస్తాయి. ఆ అమృతాన్ని సాధించడానికి సగం జీవితాన్నీ, ఆ విషాన్ని అణచడానికి చివరి సంవత్సరాలనూ వెచ్చించిన మేధావి యూజీన్ హుడ్రీ.

హుడ్రీ 1892 ఏప్రిల్ 18న ఫ్రాన్స్ దేశంలో పారిస్ సమీపంలోని డోమోన్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి ఉక్కు పరిశ్రమకు అధిపతి. హుడ్రీ యంత్రశాస్త్రాన్ని అభ్యసించి, 1911లో పట్టభద్రులై, తండ్రి పరిశ్రమలో చేరారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చింది. ట్యాంకుల దళంలో అధికారిగా పనిచేస్తూ 1917లో ఆయన తీవ్రంగా గాయపడ్డారు. ఆయన పరాక్రమానికి ఫ్రెంచి ప్రభుత్వం పురస్కారాలనిచ్చి గౌరవించింది.

యుద్ధానంతరం ఆయన మనస్సు మోటారు పందేల వైపు మళ్ళింది. 1922లో అమెరికా వెళ్ళి ఇండియానాపోలిస్ పందేలను, ఫోర్డు కర్మాగారాన్ని సందర్శించారు. యంత్రం ఎంత గొప్పదైనా ఇంధనం నాసిరకమైతే దాని శక్తి వృథా అవుతుందని ఆయన గుర్తించారు. పైగా ఫ్రాన్సులో చమురు నిక్షేపాలు స్వల్పం. అందుచేత లిగ్నైటు అనే నాసిరకపు బొగ్గు నుండి పెట్రోలు తీసే ప్రయత్నానికి పూనుకున్నారు. 1929లో కర్మాగారం ప్రారంభమైంది. పెట్రోలు వచ్చింది గాని, దాని తయారీ ఖర్చు అమ్మకపు ధరను మించిపోయింది. కర్మాగారం మూతపడింది. ఏళ్ళ తరబడి పడిన శ్రమ ఫలించకపోయినా హుడ్రీ కుంగిపోలేదు.

అప్పటికే ఆయన మరొక మార్గాన్ని అన్వేషిస్తున్నారు. ముడిచమురులోని బరువైన భాగాలను పెట్రోలుగా మార్చాలంటే వాటి పెద్ద అణువులను చిన్నవిగా విడగొట్టాలి. దీనిని భంజనం అంటారు. ఆనాడు కేవలం అధిక ఉష్ణోగ్రతతో, పీడనంతో ఈ పని జరిపేవారు. తాను మార్పు చెందకుండా రసాయన చర్యను వేగవంతం చేసే ఉత్ప్రేరకాన్ని ఇందుకు వినియోగించాలని హుడ్రీ సంకల్పించారు. ఎన్నో పదార్థాలను పరీక్షించి, చివరకు 1927లో సిలికా, అల్యూమినా కలిగిన ఒక రకపు బంకమట్టి ఇందుకు తగినదని కనుగొన్నారు.

అయితే ఒక చిక్కు ఎదురైంది. చర్య జరిగిన కొద్ది నిమిషాలలోనే ఉత్ప్రేరకంపై బొగ్గుపొర పేరుకొని, దాని శక్తి నశించేది. ఈ లోపం కారణంగానే ఇతరులు ఉత్ప్రేరకాలపై ఆశ వదులుకున్నారు. హుడ్రీ మాత్రం ఆ పొరను గాలితో మండించి ఉత్ప్రేరకానికి పునర్జీవం కల్పించారు. ఆ మంటలో పుట్టిన వేడిని తిరిగి భంజనానికే వినియోగించారు. ఆటంకమే ఆయన చేతిలో సాధనమైంది.

స్వదేశంలో తగిన ఆదరణ లభించకపోవడంతో 1930లో అమెరికాలోని వాక్యూమ్ ఆయిల్ కంపెనీ ఆహ్వానంపై హుడ్రీ న్యూజెర్సీ రాష్ట్రంలోని పాల్స్‌బరో చేరారు. 1936లో అక్కడ ఆయన పద్ధతిలో ఉత్పత్తి మొదలైంది. 1937లో సన్ ఆయిల్ సంస్థ పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్ వద్ద భారీ కర్మాగారాన్ని నెలకొల్పింది. పాత పద్ధతితో పోలిస్తే పెట్రోలు దిగుబడి దాదాపు రెట్టింపయింది, నాణ్యతా పెరిగింది. రెండవ ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల విమానాలకు ఈ మేలురకపు పెట్రోలు ఎంతో తోడ్పడింది.

1940లో జర్మనీకి లొంగిపోయిన ఫ్రెంచి ప్రభుత్వాన్ని హుడ్రీ బాహాటంగా వ్యతిరేకించారు. అమెరికాలో స్వతంత్ర ఫ్రాన్సు పక్షాన ఉద్యమించారు. ఆగ్రహించిన ఆ ప్రభుత్వం 1941లో ఆయన పౌరసత్వాన్ని రద్దు చేసింది. ఏ దేశం కోసం రక్తం చిందించారో ఆ దేశమే ఆయనను పరాయివానిగా ప్రకటించింది. 1942లో ఆయన అమెరికా పౌరసత్వం స్వీకరించారు.

కీర్తిసంపదలు లభించిన పిదప విశ్రమించడం ఎవరికైనా సహజం. కాని వాహనాల పొగ నగరాలను కమ్ముకోవడం, ఊపిరితిత్తుల వ్యాధులు ప్రబలడం హుడ్రీని కలవరపరచాయి. 1950 ప్రాంతంలో ఆయన ఒక సంస్థను స్థాపించి, పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరక పరికరాన్ని రూపొందించారు. అది కార్బన్ మోనాక్సైడు వంటి విషవాయువులను హానిలేనివిగా మార్చగలదు. అయితే ఆనాటి పెట్రోలులో కలిపే సీసం ఈ ఉత్ప్రేరకాన్ని నిర్వీర్యం చేసేది. తన యత్నం ఫలించడం చూడకుండానే 1962 జులై 18న హుడ్రీ కన్నుమూశారు. సీసంలేని పెట్రోలు లభ్యమయ్యాక, 1975 నుండి అమెరికా కార్లలో ఇటువంటి పరికరాలు విస్తృతంగా అమరాయి. భారతదేశంలో 1995లో నాలుగు మహానగరాలతో మొదలైన మార్పు, 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు నిషేధంతో దేశమంతటికీ విస్తరించింది.

ఆయన మరణించిన 1962లోనే, పాల్స్‌బరో పరిశోధకులు ప్లాంక్, రోజిన్‌స్కీలు రూపొందించిన జియోలైట్ ఉత్ప్రేరకం భంజన కర్మాగారాలలో ప్రవేశించింది. జియోలైట్లు అణుపరిమాణంలో రంధ్రాలు గల స్ఫటికాలు. పిండిని జల్లెడ వేరుచేసినట్లు ఇవి అణువులను పరిమాణాన్ని బట్టి ఎంచుకుంటాయి. అందువల్ల పెట్రోలు దిగుబడి పెరిగి, బొగ్గుపొర తగ్గింది. తరువాత వచ్చిన జడ్‌.ఎస్‌.ఎం.-5 అనే జియోలైటులోని రంధ్రాల వెడల్పు సుమారు 0.55 నానోమీటర్లు మాత్రమే. భంజనంలో పుట్టే ప్రొపిలీన్, బ్యూటిలీన్ వంటి చిన్న ఓలిఫిన్ అణువులను ఇది ఒకదానితో ఒకటి కలుపుతుంది. ఉష్ణోగ్రత, పీడనాలను మార్చి వాటి నుండి పెట్రోలునో, డీజిలునో ఎక్కువగా పొందవచ్చు. కోరిన పదార్థాన్నే అధికంగా ఇవ్వగల ఈ ఎంపిక గుణమే నేటి ఉత్ప్రేరక పరిశోధనలకు గమ్యం.

1957లో ప్రారంభమైన విశాఖపట్నం చమురు శుద్ధి కర్మాగారంలోనూ ఉత్ప్రేరక భంజనం జరుగుతున్నది. హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జియోలైట్లపై పరిశోధనలు సాగాయి. బంకమట్టితో హుడ్రీ వేసిన బాట ఆ విధంగా తెలుగునేల వరకూ వచ్చింది.

సృష్టించినవానికి సృష్టి ఫలితాలపై కూడా బాధ్యత ఉంటుందని హుడ్రీ జీవితం తెలుపుతున్నది. లోకానికి ఇంధనాన్ని అందించిన చేతులతోనే దాని పొగను శుద్ధి చేయడానికి ఆయన పూనుకున్నారు. విజ్ఞానంతో పాటు ఆ వివేకాన్ని కూడా అలవరచుకోవడమే నేటి విద్యార్థులు ఆయన నుండి గ్రహించవలసిన పాఠం.