సర్ రోనాల్డ్ రాస్

వైద్యశాస్త్ర చరిత్రలో మన సికింద్రాబాదు పేరును నిలిపిన సర్ రోనాల్డ్ రాస్ 1857 మే 13న అల్మోరాలో జన్మించారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో ప్రవేశించారు. మలేరియా వ్యాప్తికి దోమలే మూలమన్న ప్యాట్రిక్ మాన్సన్ అభిప్రాయాన్ని పరీక్షించడానికి 1895లో ఇక్కడ పూనుకొన్నారు.

ఆ పరిశోధనలో అపాయం ఎవరిపై పడినదో కూడా మనం చూడవలసి ఉన్నది. దోమలు చచ్చిన నీటిని త్రాగితే జ్వరం వస్తుందేమోనని, లక్ష్మణ్ అనే ఆరోగ్యవంతునికి కూలి ఇచ్చి త్రాగించారు. అతనికి జ్వరం వచ్చింది. విదేశాలకు పోయే తన కార్యకర్తలకు దోమతెరలు, నివారణ మాత్రలు ముందుగానే ఇచ్చే నేటి సహాయ సంస్థ ఏదీ దీనిని సమ్మతించదు. అయితే రాస్ తనను తాను కాపాడుకొన్నారని మేము అనజాలము. 1897లో ఉదకమండలం ప్రాంతంలో దోమలను వెదకుతూ ఆయనా మలేరియా వాత పడ్డారు.

ఆ ఏడు ఆగస్టులో బేగంపేట వైద్యశాలలో రోగి హుసేన్ ఖాన్, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొని కుట్టించుకొన్నాడు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయి. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టాయి. ఆ ఉక్కలోనే, 20వ తేదీన, ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కానవచ్చింది.

1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ సంవత్సరమే సూయజ్ కాలువ కంపెనీ కోరగా ఇస్మాయిలియా వెళ్ళి, నిలువ నీటిని తొలగించే మార్గం చూపగా, అచ్చటి జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. 1932 సెప్టెంబరు 16న లండనులో కన్నుమూశారు.