లక్ష్మణరావుగారి గ్రంథవ్యవసాయము

శామీరుపేట చెరువు ప్రక్కగా కరీంనగరమునకు పోవు బాటలో ప్రయాణము చేయువారికి ఆ ప్రాంతము ఎంతగా మారిపోయినదో చెప్పనక్కరలేదు. తుర్కపల్లి పరిసరములందు 1999 ప్రాంతమున వెలసిన జీనోమ్ వ్యాలీలో నేడు టీకాలును, ఔషధములును తయారగుచున్నవి. 2021లో దేశమందు కోట్లకొలది ప్రజలు వేయించుకొనిన కోవాక్సిన్ టీకా అచ్చటి సంస్థదే. సూక్ష్మజీవి యన్నను, జీవకణమన్నను శామీరుపేట, మేడ్చలు గ్రామముల పిల్లలకు వింతమాటలు కావు. కాని నూరేండ్లకు పూర్వము ఈ గ్రామములు నగరమును చుట్టుకొనియుండిన అత్రాఫ్ బల్దా జిల్లాలోనివి. ఆ జిల్లాలో అధికభాగము నిజాము ప్రభువు స్వంత వ్యయమునకు కేటాయింపబడిన సర్ఫెఖాసు భూమి. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ. పొలమున తెలుగు, పెండ్లిలో తెలుగు, ఏడ్పులో తెలుగు. పుస్తకమున మాత్రము తెలుగు లేదు. చెట్టు ఏల పెరుగునో, కలరా ఏల వచ్చునో తన భాషలో చదివి తెలిసికొనవలె ననుకొనిన రైతుబిడ్డకు అట్టి పుస్తకము దొరకుట దుర్లభము.

ఈ లోటును చూచి దానిని తీర్చుటకు జీవితమును ధారవోసినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. వారి పేరు ఎరుగని తెలుగు పాఠకుడు ఉండడు. వారు చేసిన పని యెట్టిదో ఎరిగినవారు అంతమంది ఉందురా యని మాకు సందేహము.

శాస్త్రకల్పనతో నవలలు వ్రాయువారు తమ క్రొత్త పుస్తకమును వెంటబెట్టుకొని ఊరూర సభలకు, పుస్తక ప్రదర్శనములకు తిరుగుటయు, పత్రికలవారితో మాటాడుటయు ఈ కాలమున మనము చూచుచున్నాము. వ్రాయుట సగము పని, చదివించుట తక్కిన సగమని వారు గ్రహించినారు. అది తప్పు కాదు. లక్ష్మణరావుగారు ఈ రెండవ సగమును తెలుగునాట మొదట క్రమబద్ధముగ చేసినవారిలో ముఖ్యులు. భేదమేమన, వీరు తిరిగినది స్వంత గ్రంథమునకై కాదు, పరుల గ్రంథములకై. ఇంకొక భేదము కూడ కలదు. శాస్త్రమును ఆధారము చేసికొని కథ కల్పింపవలెనన్న మొదట ఆ భాషలో శాస్త్రముండవలెను గదా! ఆ పునాదిరాళ్లు మోసినది వీరు.

లక్ష్మణరావుగారు 1877 మే 18వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు బాల్యముననే గతించిరి. ప్రథమ విద్య భువనగిరిలో జరిగెను. అటుపిమ్మట అక్క భండారు అచ్చమాంబగారును, బావ మాధవరావుగారును నాగపూరున తమ చెంత నుంచుకొని చదివించిరి. ఈ అక్కాతమ్ముల చరిత్ర ప్రత్యేకముగ చెప్పుకొనదగినది. అచ్చమాంబగారు బడిమెట్లు ఎక్కినవారు కారు. తమ్ముడు చదువుకొనుచుండగా తామును చదువుకొని, తెలుగుతోపాటు హిందీ, మరాఠీలను కూడ నేర్చి, స్త్రీల చరిత్రలను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించిరి. 1902లో వ్రాసిన ధనత్రయోదశి మన భాషలో తొలికథలలో నొకటి. 1905 జనవరిలో, ముప్పదియేండ్ల ప్రాయమున, ఆమె కన్నుమూసిరి. ఇంటిలోపల నుండియే ఒక స్త్రీ పుస్తకముల మూలమున ఎంతటి విదుషి కాగలదో ఆ తమ్మునికి ఒకరు చెప్పవలసిన పని లేకపోయెను.

నాగపూరు చదువు వలన ఇంకొక లాభము కలిగినది. లక్ష్మణరావుగారికి మహారాష్ట్ర భాష మాతృభాషవలె అలవడినది. ఆ భాషలో వ్యాసములు వ్రాసి పండితుల మన్నన పొందిరి. విష్ణుశాస్త్రి చిప్లూణ్కరుగారి నిబంధమాల 1874లో మొదలైనది లగాయతు మహారాష్ట్రమున గద్యము ఎట్లు పెరిగినదో, చరిత్ర చదువుట ఎట్లు దేశభక్తిగా పరిణమించినదో వారు దగ్గరనుండి చూచిరి. తెలుగునకు తిరిగి చూచినపుడు పద్యకావ్యములు కొల్లలు; చరిత్ర, రసాయనము, అర్థశాస్త్రము, భౌతికశాస్త్రము మిక్కిలి అరుదు. వీరేశలింగము పంతులుగారొక్కరు ఎంతటి భారమని మోయగలరు?

ఎం.ఏ. పట్టము పొందిన లక్ష్మణరావుగారు సర్కారు కొలువును కోరలేదు. మునగాల రాజా నాయని వేంకట రంగారావు బహద్దరుగారి వద్ద దివానుగా కుదిరిరి. మునగాల పరగణా చిత్రమైనది. నలువైపుల నిజాము రాజ్యము. నడుమ నున్న ఈ కొద్దిపాటి నేల మాత్రము ఆంగ్లేయుల కృష్ణా జిల్లాకు చేరినది. ఒక కాలు నైజామున, ఒక కాలు సర్కారులలో నుంచి పనిచేయదలచినవానికి అంతకంటె అనువైన చోటు లేదు. రాజాగారు విద్యాభిమానులు. దివానుగారు సంస్థానపు లెక్కలు చూచుచునే తెలుగుజాతి లెక్కలు కూడ చూడసాగిరి.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయము నెలకొనెను. మునగాల రాజాగారు, లక్ష్మణరావుగారు, రంగారావుగారు అందుకు మూలపురుషులు. పదమూడేండ్ల పట్టాభిషేక సన్నాహములేవియు లేవు. ఒక ఇంటిలో కొన్ని పుస్తకములు, వానిని చదువుటకు వచ్చు కొందరు మనుష్యులు. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము వెలసెను. అయితే గ్రంథాలయము తెరచినంతనే మరియొక చిక్కు ఎదురైనది. అలమారలో పెట్టదగిన క్రొత్త గ్రంథములు ఏవి? ఉన్నవి కొలది. అందుచేత 1906లో అదే నగరమున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలగువారు తోడైరి. కొలదికాలమునకే మండలి మదరాసునకు తరలినను, దాని పుట్టిల్లు హైదరాబాదని మనము మరువరాదు.

ఈ మండలి నడపిన తీరే మా వ్యాసమునకు ప్రధాన విషయము.

అప్పటివరకు మన గ్రంథకర్త రాజునకో, జమీందారునకో అంకితమిచ్చి అచ్చు ఖర్చులు సంపాదించుకొనువాడు. అచ్చయిన ప్రతులు అటకమీద చెదలకు దక్కెడివి. లక్ష్మణరావుగారు చందాదారుని రాజును చేసిరి. ముందుగా చందాదారులుగ చేరినవారికి మాల యందలి పుస్తకములు వరుసగా చేరును. పాఠకుడెవరో అచ్చునకు ముందే తెలియును. అట్లు తెలిసినందున ఏ పుస్తకమునకు ఎంత వ్యయము చేయవచ్చునో లెక్కకు వచ్చును. ఇది వర్తకమే కదా యని ముక్కు విరుచువారు ఆనాడును ఉండియుందురు. మా మట్టునకు, తెలుగు గ్రంథకర్త ఆత్మగౌరవమునకు ఈ వర్తకము చేసిన మేలు అంకితములన్నియు కలిసి చేయలేదని తోచుచున్నది.

మొదటి గ్రంథము 1907లో వచ్చిన అబ్రహాము లింకను చరిత్ర. రచయిత హరిసర్వోత్తమరావుగారు. వందేమాతర మన్నందుకు ఆ యేటనే రాజమహేంద్రవరపు కళాశాలనుండి బహిష్కృతులై, మరుసటి యేట స్వరాజ్య పత్రికలోని వ్యాసమునకై చెరసాల కేగిన యువకుని చేత దాస్యవిమోచకుని చరిత్రతో మాలను ప్రారంభింపజేయుట కాకతాళీయము కాదు. పిమ్మట లక్ష్మణరావుగారే హిందూదేశ చరిత్రను హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను భాగములుగా వ్రాసిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము 1910లో వెలువడెను. అందాక తెలుగువాడు తన పూర్వుల చరిత్రను దొరల గెజిటీర్లలో వెదకుకొనవలసి యుండెడిది.

శాస్త్రగ్రంథముల విషయము మరింత కఠినము. ఆచంట లక్ష్మీపతిగారు జీవశాస్త్రమును, మంత్రిప్రగడ సాంబశివరావుగారు పదార్థవిజ్ఞాన శాస్త్రమును, వేమూరి విశ్వనాథశర్మగారు రసాయన శాస్త్రమును వ్రాసిరి. వైద్యుని, అధ్యాపకుని పట్టి తెలుగు వ్రాయించుట సామాన్యమైన పని కాదు. వారికి శాస్త్రము వచ్చును, దానికి తగిన తెలుగు మాట తోచదు. తెలుగు పండితునకు మాట వచ్చును, శాస్త్రము రాదు. వీరిద్దరికి నడుమ కూర్చుండి, ఒక్కొక్క పారిభాషిక పదమును తూచి, వాక్యమును సులభము చేసి, చిత్తుప్రతులు దిద్ది, పీఠిక వ్రాసి పుస్తకమును పాఠకునకు అప్పగించినది సంపాదకుడు. అట్టి శ్రమకు అట్టమీద పేరుండదు. ఆ గ్రంథములలోని పదములు కొన్ని నిలిచినవి, కొన్ని పోయినవి. పాఠశాల పిల్లలు నేటికిని జీవశాస్త్రము, రసాయన శాస్త్రము అనియే చదువుకొనుచున్నారు. ఇటీవల తెలంగాణమున 2022 మొదలుకొని ప్రభుత్వపు బడులలో ఆంగ్లమాధ్యమము వచ్చినది. మేడ్చలు పిల్లవానికి ఆనాడు ఉర్దూ, నేడు ఆంగ్లము. అందువలన ఉద్యోగము దొరకునేమో కాని, వాని తల్లికి వాడు చదివినది చెప్పు భాష ఏదని అడిగినవారు లేరు. ఆ ప్రశ్నను లక్ష్మణరావుగారు అడిగిరి.

శాస్త్రమొక్కటియే పంచిన ఎందరు పుచ్చుకొందురు? ఈ రహస్యమును వారు బాగుగా ఎరుగుదురు. ఫ్రాన్సు దేశమున హెట్జెల్ అను ప్రకాశకుడు 1864లో విద్యను, వినోదమును ఒక్క పత్రికలో కలిపి పంచనారంభించెను. ఝూల్ వెర్న్ యొక్క సముద్రగర్భ యాత్రకు పాఠకులను సంపాదించినది ఆ ఉపాయమే. వెర్న్ 1905లో మరణించెను, మరుసటి యేట మన మండలి పుట్టినది. ఒకరినిచూచి యొకరు చేసిరని మేమనము. ఆకలి ఒక్కటే యైనపుడు వంట కూడ ఒక్కటే యగును. మండలివారు చారిత్రక నవలలకు బహుమానములు ప్రకటించి పోటీలు పెట్టిరి. కేతవరపు వేంకటశాస్త్రిగారి రాయచూరు యుద్ధము, భోగరాజు నారాయణమూర్తిగారి విమలాదేవి అట్లు మండలి మూలమున వెలుగు చూచినవి. ఉన్నమాట చెప్పవలెనన్న ఈ నవలలలో పాత్రలకంటె ఉపన్యాసములు ఎక్కువ. అయినను నవలకై చేయి చాచిన చందాదారుని చేతిలో తరువాతి మాసమున రసాయన శాస్త్రము పడెడిది. ఆతడు దానిని తెరచి చూచెడివాడు. చాలదా?

అంతటితో తృప్తిచెందక, ఈ పుస్తకములనే పాఠ్యములుగా పెట్టి చరిత్రలోను, శాస్త్రములలోను తెలుగున పరీక్షలు జరిపించి, ఉత్తీర్ణులకు బహుమానము లిప్పించిరి. సర్కారు పరీక్షలన్నియు ఆంగ్లమున జరుగు దినములలో, ఉద్యోగమియ్యని పరీక్షకు విద్యార్థులు కూర్చుండిరన్నది నేటివారికి నమ్మశక్యముగా నుండదు.

ఇన్ని పనుల నడుమ స్వంత రచన కుంటుపడెను. శాసనములు చదువుటలోను, దేశచరిత్ర పరిశోధనలోను వారి ప్రజ్ఞ అసామాన్యము. ఆంధ్రదేశ చరిత్రను తామే వ్రాయదగినవారు, మరియొకరిచేత వ్రాయించి, దానిని అచ్చొత్తించి పంచిరి. ఇది నష్టమా, లాభమా? శివాజీ చరిత్రమును, వ్యాసములను చూచినవారు నష్టమనియే అందురు. మేమును కొంతవరకు ఒప్పుకొందుము. కాని వారు గదిలో కూర్చుండి తమ గ్రంథము తాము వ్రాసికొనియుండిన, దానిని చదువుటకు ఎవరు సిద్ధముగ నుండెడివారు?

చివరకు వారు తలకెత్తుకొనినది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. సకల శాస్త్రములను అకారాది క్రమమున తెలుగులో చేర్పవలెనని సంకల్పము. వంగదేశమున నగేంద్రనాథ వసువుగారు విశ్వకోశమును ఇరువదిరెండు సంపుటములలో 1911నాటికి ముగించిరి. లక్ష్మణరావుగారు మదరాసున, ఎగ్మూరులోని వేదవిలాసమను తమ యింటినే కార్యాలయము చేసికొనిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి యువకులు అచ్చట పని నేర్చిరి. 1919 మే 27వ తేదీన వీరేశలింగము పంతులుగారు తుదిశ్వాస విడిచినదియు లక్ష్మణరావుగారి ఇంటనే. ఇంతలో మహాయుద్ధము వచ్చి కాగితపు వెల పెరిగెను. సంపుటములు మూడు వెలువడినవి. ఆ మూటను అకారమే ఆక్రమించినది. మహారాష్ట్రమున కేత్కరుగారు తరువాత ఆరంభించి, ఇరువదిమూడు సంపుటముల జ్ఞానకోశమును పూర్తిచేయగలిగిరి. మనవారి శక్తి తక్కువ యని మేమనుకొనము. మన చందాదారుల ఓపిక తక్కువ.

1923 జులై 12వ తేదీన, నలువదియారేండ్ల ప్రాయమున, లక్ష్మణరావుగారు మదరాసులో దివంగతులైరి. విజ్ఞాన సర్వస్వమును పునరుద్ధరింప పూనుకొనినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. వారును 1938లో గతించిరి. హైదరాబాదున ఆదిరాజు వీరభద్రరావుగారు మొదలగువారు నడుపుచుండిన చరిత్ర పరిశోధక సంఘమునకు లక్ష్మణరాయ పరిశోధక మండలి యని పేరు పెట్టిరి. ఆ మండలివారు తెలంగాణపు పల్లెలలో పడియున్న రాళ్లమీది వ్రాతలకు ప్రతులు తీసి, 1935లో తెలంగాణా శాసనములు అను క్రొత్త గ్రంథమును వెలువరించిరి.