జ్ఞానచంద్ర ఘోష్

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా పేరు మీరు వినే ఉంటారు. రైల్వే పనులకు వెళ్ళిన తెలుగువారు ఎందరో అక్కడ స్థిరపడ్డారు. ఆ పట్టణం పక్కనే హిజ్లీ ఉంది. అక్కడ ఒక జైలు చదువుల నిలయంగా మారింది. ఆ విద్యాసంస్థకు తొలి డైరెక్టరు జ్ఞానచంద్ర ఘోష్.

ఘోష్ 1894లో పురూలియాలో జన్మించారు. కలకత్తాలో ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ వద్ద రసాయన శాస్త్రం చదివారు. ఉప్పు నీటిలో కరిగి, విద్యుదావేశం గల అయాన్లుగా విడిపోతుంది. అందుకే ఉప్పునీటి గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. అయాన్ల మధ్య ఆకర్షణను లెక్కగట్టి ఘోష్ 1918లో ఒక సిద్ధాంతం ప్రకటించారు. 1923లో డిబై, హ్యుకెల్ అనే శాస్త్రవేత్తలు అంతకంటె మెరుగైన సిద్ధాంతాన్ని ఇచ్చారు. అయినా ఆ దారిలో ముందుగా నడిచినవారిలో ఘోష్ ఒకరు.

1921లో ఢాకా విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. ఘోష్ అక్కడ రసాయన శాస్త్ర ఆచార్యులై, సుమారు 18 ఏళ్ళు విద్యార్థులకు బోధించారు. 1939లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు.

హిజ్లీ జైలులో బ్రిటిష్‌వారు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించేవారు. 1931 సెప్టెంబరు 16న అక్కడ పోలీసు కాల్పులకు ఇద్దరు ఖైదీలు బలయ్యారు. ఇరవై ఏళ్ళ తరువాత, 1951లో, అదే భవనంలో భారత సాంకేతిక విద్యాసంస్థ తరగతులు మొదలయ్యాయి. కొత్త భవనాల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఉన్న గదులలోనే పాఠాలు సాగాయి.

ఘోష్ 1959లో మరణించారు. నేర్పాలనే, నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే ఏ చోటైనా బడి కాగలదని హిజ్లీ కథ మనకు తెలుపుతుంది.