బడిలో పీఈటీ సార్.. ఇండియాకు రెండు ఆసియా గోల్డ్‌లు తెచ్చిన కోచ్! ఎవరీ రహీమ్ సాబ్?

డిగ్రీ అయ్యాక బీపీఈడీ చేస్తానంటే చాలా ఇళ్లల్లో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే. ఆటల చదువు చదివితే ఏమొస్తది? ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ కోర్సు వైపు చూస్తున్న పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఒకసారి తెలుసుకోవాల్సిన జీవితం ఇది. ఆయన మన హైదరాబాదీనే.. పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్.

టీచర్ నుంచి గ్రౌండ్‌కి..

1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీమ్ ఉస్మానియాలో డిగ్రీ చదివారు. తర్వాత బడి పంతులయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూళ్లలో పనిచేశారు. ఉద్యోగంలో ఉండగానే ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి, స్కూల్ ఆటల బాధ్యత తీసుకున్నారు. ఆయన దారిని మార్చింది ఆ డిప్లొమానే.

అప్పటికి దేశంలో కోచ్‌లను తయారుచేసే జాతీయ సంస్థ లేదు. పటియాలాలో ఎన్ఐఎస్ మొదలైందే 1961లో. అందుకే రహీమ్ తన పద్ధతులను చాలావరకు తానే తయారుచేసుకున్నారు. కుడికాలు వాటం ఉన్నవాళ్లు ఎడమకాలితోనే ఆడాలి.. ఇలాంటి రూల్స్‌తో టోర్నమెంట్లు పెట్టారు. బంతిని దగ్గర పెట్టుకోకుండా వెంటనే పాస్ ఇవ్వడం నేర్పారు.

ఆఫీసు పనీ ఆయనదే

కోచింగ్ ఒక్కటే కాదు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీగా ఉన్నారు. ఇప్పుడు స్పోర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ అని కాలేజీల్లో చెప్తున్న పనిని ఆయన చేసి చూపించారు. ఆయన కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది.

ఓటమి.. ఆ తర్వాత

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై గెలిచి ఇండియా గోల్డ్ తెచ్చుకుంది. కోచ్ రహీమే. కానీ మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి.

నాలుగేళ్లు తిరిగేసరికి సీన్ మారింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఇండియా సెమీస్ చేరింది. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే.

క్యాన్సర్‌తోనే జకార్తాకు..

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీమ్‌ను క్యాన్సర్ పట్టి పీడిస్తోంది. అయినా టీమ్‌ను వదల్లేదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియాపై 0-2తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇప్పుడైతే ఇలాంటప్పుడు ఫిజియో, స్పోర్ట్స్ డాక్టర్, కోచ్ కూర్చుని మాట్లాడుకుంటారు. రహీమ్ మాత్రం జర్నైల్‌ను డిఫెన్స్ నుంచి తీసి ఫార్వర్డ్‌గా దింపారు.

సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియానే. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో గోల్డ్ మనదే! అదే ఆయన చివరి పెద్ద విజయం. 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే.

ఆ తర్వాత ఇప్పటిదాకా ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకు మరో గోల్డ్ రాలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైందే 1985లో. కొత్త తరంలో చాలామందికి ఆయన పేరు తెలిసింది 2024లో అజయ్ దేవగణ్ సినిమా 'మైదాన్' వచ్చాకే.

మరి మన పిల్లల సంగతి?

ఇప్పుడు దారి రహీమ్ కాలం కంటే తేలిక. డిగ్రీ ఉంటే బీపీఈడీ, ఇంటర్ ఉంటే డీపీఈడీ.. రెండూ రెండేళ్ల కోర్సులే. సీటుకు పీఈసెట్ రాయాలి కాదు, ఆడాలి! పరుగు, జంప్, షాట్‌పుట్ లాంటి టెస్టులతో పాటు ఒక ఆటలో స్కిల్ టెస్ట్ ఉంటుంది. 2023లో ఈ సెట్‌ను నడిపింది కరీంనగర్‌లోని శాతవాహన యూనివర్సిటీనే.

బడిలో పీఈటీ సార్ అంటే ప్రేయర్‌లో విజిల్ వేసే మనిషే అనుకుంటే పొరపాటే. దేశానికి రెండు గోల్డ్‌లు తెచ్చిన కోచ్ కూడా ఒకప్పుడు ఆ విజిల్ పట్టుకున్నవారే.