రక్తపు లెక్కలు వేసిన డాక్టర్ హిర్ష్‌ఫెల్డ్

రక్తదాన శిబిరానికి వెళ్లి వచ్చిన ప్రతివారి చేతికి ఒక చిన్న కార్డు ఇస్తారు. అందులో ఏ, బి, ఏబి, ఓ అనేవాటిలో ఏదో ఒకటి రాసి ఉంటుంది. మానవ రక్తంలో ఈ భేదాలున్నాయని 1901లో వియన్నాలో కనిపెట్టినవారు కార్ల్ లాండ్‌స్టైనర్. ఆయన పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ భేదాలు తల్లిదండ్రుల నుండి బిడ్డలకు ఎలా సంక్రమిస్తాయో, ఏ దేశంలో ఏ రకం హెచ్చో లెక్క తీసిన లుడ్విక్ హిర్ష్‌ఫెల్డ్ వైద్యలోకంలో పేరు మోసినవారే అయినా, మన ఇళ్లలో ఆయన ప్రస్తావన తక్కువ. ఉద్యోగరీత్యా ఊళ్లు మారి, పలు భాషలవారి నడుమ కాపురముంటున్న మనకు ఆయన చరిత్ర తెలుసుకోదగినదని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన 1884లో పోలండులోని వార్సా నగరంలో యూదు కుటుంబంలో జన్మించారు. వైద్యం చదువుకోవడానికి జర్మనీ వెళ్లారు. 1905లో హన్నాను వివాహమాడారు. ఆమె పిల్లల వైద్యురాలు. ఇకమీద చెప్పబోయే కృషిలో ఆమె పాలు చాలా ఉన్నది.

హైడెల్‌బర్గ్‌లో ఎమిల్ ఫాన్ డుంగర్న్ అనే పరిశోధకుని వద్ద పనిచేస్తూ, ఇద్దరూ కలిసి 72 కుటుంబాలలోని 348 మంది రక్తాన్ని పరీక్షించారు. తల్లికీ తండ్రికీ లేని ఏ గుణంగాని, బి గుణంగాని బిడ్డలో ఉండదని 1910లో తేల్చారు. నేడు మనం వాడే ఏ, బి, ఏబి, ఓ అనే పేర్లు కూడా వారు స్థిరపరచినవే. సంక్రమణ సూత్రంలో వారి లెక్క కొంచెం తప్పింది. దానిని 1924లో బెర్న్‌స్టైన్ అనే గణితవేత్త సరిచేశారు.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. సెర్బియాలో టైఫస్ జ్వరం జనాన్ని ఊడ్చిపెడుతున్నదని విని, హిర్ష్‌ఫెల్డ్ 1915లో స్విట్జర్లాండులోని ఉద్యోగం విడిచి అక్కడికి వెళ్లారు. హన్నా కూడా వెళ్లి సేవచేశారు. తుదకు సెర్బియా సైన్యంతోపాటు గ్రీసులోని సలోనికా రేవు చేరారు. అక్కడ ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు, ఇటాలియన్లు, రష్యన్లు, సెనెగల్, మడగాస్కర్, అన్నాం దేశస్థులు, మన భారత సైనికులు అందరూ ఒకచోట గుడారాలు వేసుకొని ఉన్నారు. రైలు జంక్షనులో కూడా ఒక్కరోజున అన్ని దేశాలవారు కనబడరు. ప్రపంచమంతా తిరిగితేగాని దొరకని జనం కాళ్లవద్దకే వచ్చారని దంపతులు గ్రహించారు.

అయితే సూది చూపితే చేయి చాచేదెవరు? ఒక్కొక్క పటాలానికి ఒక్కొక్క విధంగా నచ్చచెప్పవలసి వచ్చింది. ఇంగ్లీషువారికి శాస్త్రప్రయోజనం చెబితే చాలింది. సెనెగల్ సైనికులతో మాత్రం, సెలవు ఎవరికి ఇవ్వాలో తేల్చడానికే ఈ పరీక్ష అన్నారట. వెంటనే చేతులు చాచారట! సెలవు అనే మాటకున్న మహిమ నౌకరీ చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ తీరున 16 రకాల జనంలో సుమారు 8,000 మందిని పరీక్షించారు. ఇంగ్లీషువారిలో ఏ రకం నూటికి 43, బి రకం 7 చొప్పున తేలినవి. భారత సైనికులలో ఏ 19 మాత్రమే, బి 41. పడమటి నుండి తూర్పుకు వచ్చేకొద్దీ ఏ తగ్గుతూ, బి పెరుగుతూ వచ్చింది. ఈ వ్యాసాన్ని ఒక ఆంగ్ల వైద్యపత్రిక కొన్ని నెలలు ఉంచుకొని, వైద్యులకు పనికిరాదని తిప్పిపంపింది. 1919లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

సైన్యంలో చేరినవారి లెక్క యావద్భారతం లెక్క కాదు. తరువాతి పరీక్షలలో ఆంధ్రదేశంలో సాధారణంగా ఓ మొదటిదిగా, బి రెండవదిగా వస్తున్నవి. అయినా పశ్చిమ ఐరోపాతో పోలిస్తే మనదేశంలో బి హెచ్చన్న మాట నిలిచింది. దక్షిణ అమెరికా ఆదివాసులలో దాదాపు అందరిదీ ఓ రకమే. మన బొంబాయిలోనైతే 1952లో డాక్టర్ భెండే ప్రభృతులు ఈ నాలుగింటిలోనూ ఇమడని ఒక అరుదైన రకాన్ని కనుగొన్నారు. దానికి ఆ నగరం పేరే స్థిరపడింది.

ఏ రకం ఒకచోట, బి రకం భారతదేశంలో, వేర్వేరుగా పుట్టి కలిసి ఉంటాయని హిర్ష్‌ఫెల్డ్ దంపతులు ఊహించారు. మన దేశానికి గొప్ప అంటగట్టినా, ఆ ఊహ నిలువలేదు. ఈ భేదాలు కోతిజాతులలోనూ ఉన్నవి; మనిషికంటె పాతవి. ఏ దేశంలో చూచినా నాలుగు రకాలూ సాధారణంగా ఉండనే ఉంటాయి, పాళ్లలోనే తేడా. ఒక ఇంగ్లీషువానికి సొంత తమ్ముని రక్తం సరిపడకపోవచ్చు, మన పంజాబీ సిపాయిది సరిపడవచ్చు.

ఇంత స్పష్టమైన సంగతిని జర్మనీలోని జాతివాదులు తలక్రిందులు చేశారు. ఆయన లెక్కలు పట్టుకొని, రక్తాన్నిబట్టి మేలుజాతి, కీడుజాతి అని నిర్ణయించబూనారు. తన పనిని అలా వాడడాన్ని ఆయన ఖండించారు. యుద్ధం ముగిశాక స్వదేశం చేరి, వార్సాలోని ప్రభుత్వ ఆరోగ్య సంస్థను పెంచి పెద్దచేసిన ఆయనను, ఆ సిద్ధాంతం నమ్మినవారే 1941లో భార్యా కుమార్తెలతో సహా యూదుల ఘెట్టోలోకి తోశారు. ఆయన ఎన్నడో క్రైస్తవమతం పుచ్చుకొన్నా వారికి పట్టలేదు. ఆ గోడల మధ్య ఆకలి, మళ్లీ అదే టైఫస్. సెర్బియాలో పోరాడిన జ్వరంతో ఇక్కడా పోరాడారు. కుర్రవారికి రహస్యంగా వైద్యపాఠాలు చెప్పారు. 1942లో తప్పించుకొని, మారుపేర్లతో పల్లెలలో తలదాచుకున్నారు. ఆ అజ్ఞాతవాసంలోనే 1943లో ఏకైక కుమార్తె మరియా కన్నుమూసింది.

యుద్ధానంతరం వ్రోత్స్‌వాఫ్ నగరంలో వైద్యకళాశాలను నెలకొల్పడంలో పాల్గొన్నారు. తల్లి రక్తానికీ గర్భస్థ శిశువు రక్తానికీ పొసగక కలిగే ప్రమాదాలను గూర్చి చివరిదాకా పరిశోధించారు. 1954 మార్చి 7న మరణించారు. ఆయన స్థాపించిన సంస్థకు ఆయన పేరే పెట్టారు. హన్నా అదే నగరంలో పిల్లలకు వైద్యం చేస్తూ మరి పదేళ్లు జీవించారు.